ఖాళీ లేని నోరు

ప్రొద్దుటూరులో డిటెక్టివ్ ఖమ్రున్నీసా ఎదుట కూర్చున్న డాక్టర్ వివేక్ ముఖం పాలిపోయి ఉంది. ఆయన ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. రోగులకిచ్చే సూదికి తనే బానిసై, ఇప్పుడు జమ్మలమడుగు దగ్గర డాక్టర్ల కోసం నడిపే డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉంటున్నాడు.

“నా మూత్రంలో మళ్లీ మందు ఉందంట మేడమ్. నేను సూది ముట్టలే. సిగరెట్టు కూడా మానేసినా. లైసెన్సు పోతాది.”

“నమూనా ఎవరు తీసుకున్నారు?”

“ఇన్‌చార్జి నారాయణన్న. పెద్ద సర్జను. ఆయనా ఒకప్పుడు మా మాదిరే. ఆయనకూ, నాకూ, నా రూములో ఉండే డాక్టర్ సుధీర్‌కూ ఒకే రోజు పరీక్ష. సీసాల మీద పేర్లు ఆయనే అంటిస్తాడు.”

ఖమ్రున్నీసా తన అసిస్టెంట్ హరినాథ్‌తో సెంటర్‌కు వెళ్లింది. మెట్ల మూలల్లో ఎర్రటి ఉమ్ము చారలు కట్టి ఉంది. వాష్‌బేసిన్‌లో నానిన వక్క ముక్కలు. హరినాథ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

నారాయణ దవడలో గుట్కా పెట్టుకునే మాట్లాడాడు. “సూది మానాలంటే నోట్లో ఏదో ఒకటి ఉండాల. కొత్తగా వచ్చినోళ్లకు నేనే అలవాటు చేస్తా. వివేక్ వద్దన్నాడు. ఏమైందో చూడండి.” కిటికీలోంచి ఉమ్మి, మూతి తుడుచుకున్న చేతినే ముందుకు చాచాడు. ఖమ్రున్నీసా నమస్కారంతో సరిపెట్టింది.

వరండాలో సిగరెట్టు కాలుస్తున్న డాక్టర్ సుధీర్, “మేమిద్దరం ఒకే రూము. వివేక్ సూది యేసుకుంటాంటే నాకు తెలీదా?” అన్నాడు.

“స్నేహితుణ్ణి కాపాడుతున్నాడేమో మేడమ్,” అన్నాడు హరినాథ్, కారెక్కాక. ఆమె అధికారుల అనుమతితో, ల్యాబ్‌లో మిగిలిన మూడు నమూనాలనూ మళ్లీ పరీక్ష చేయించింది.

ఫలితాలు రాగానే అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

“సిగరెట్టయినా, గుట్కా అయినా, పొగాకు వాడితే మూత్రంలో దాని జాడ దొరుకుతుంది. సుధీర్ గారి సీసాలో ఉంది. వివేక్ పేరున్న సీసాలోనూ ఉంది.”

“దొంగతనంగా గుట్కా తింటాండాడేమో,” అన్నాడు నారాయణ.

“మరి మీ పేరున్న సీసాలో అసలు లేదేం డాక్టర్ గారూ? మీ నోరు ఖాళీగా ఉండగా నేనింతవరకు చూడలేదు.”

నారాయణ దవడ ఆగిపోయింది.

“మళ్లీ సూది మొదలుపెట్టింది మీరు. పేర్లు మార్చి అంటించారు. సిగరెట్టు కాల్చే సుధీర్ సీసాతో మార్చుకుని ఉంటే ఇలా దొరికేవారు కాదు. గుట్కా వద్దన్నాడని వివేక్ మీద కక్ష పెట్టుకున్నారు. కాదంటారా, డి.ఎన్.ఏ. పరీక్షకు రక్తమివ్వండి.”

నారాయణ గొంతు తగ్గించి, “ఒక్క రోజు ఆగండి మేడమ్,” అన్నాడు. “రేపు పులివెందులలో చిన్నబిడ్డకు ఆపరేషనుంది. అది కానిచ్చి నేనే ఒప్పుకుంటా.”

“ఈ చేతుల్తోనా అన్నా?” అన్నాడు వివేక్. ముఖం తిప్పుకుని, ఫోన్ తీసి పులివెందుల ఆసుపత్రికి చేశాడు.

“రేపు బిడ్డ ఆపరేషన్‌కు వేరే సర్జన్‌ను పిలిపించుకోండి. నారాయణ గారు సూది వేసుకుంటాండారు. చెప్పింది డాక్టర్ వివేక్ అని పేరు రాసుకోండి.”