ఫాంట్ లేని ఉత్తరం

"స్వరూప ఫైల్ క్లోజ్ చెయ్యి, ఉమాకాంత్."

ఢిల్లీ నుంచి సెక్యూర్ లైన్‌లో ఈ ఆర్డర్ వచ్చేసరికి బుధవారం సాయంత్రం నాలుగైంది. చిక్కడపల్లిలో ఒక మేడ మీద, 'సర్వే కన్సల్టెన్సీ' అని బోర్డు పెట్టుకున్న గదిలో ఏజెంట్ ఉమాకాంత్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ గదిలో ఇరవై ఏళ్లుగా ఒక్క సర్వే కూడా జరగలేదు. అది గూఢచారి శాఖ వారి హైదరాబాద్ ఆఫీసు. లైన్‌లో ఉన్నది చీఫ్ విద్యాసాగర్. పుట్టి పెరిగింది హైదర్‌గూడలో, ఆదేశాలిచ్చేది ఢిల్లీ నుంచి.

"సార్, ఇంకొక్క రోజు..."

"తొమ్మిది రోజులైంది. ఆమె పంపిన లాస్ట్ మెసేజ్‌ను కోడ్‌లు ఇప్పే సైఫర్ సెల్ సూపర్ కంప్యూటర్‌ల వేసి రుబ్బింది. రిజల్ట్ ఏందో తెలుసా? నాయిస్. ఉత్త చెత్త. మనల్ని పరేషాన్ చేసెతందుకు పంపింది. ఆమె అటు దిక్కు తిరిగింది."

"తిరగదు సార్. నేను తయారు చేసిన మనిషి."

"అందుకే నీకు కనిపిస్తలేదు. మెసేజ్ రెండు కాపీలు ప్రింట్ తీసి, సంతకం పెట్టి పంపు. ఇగ ఆమె కోసం ఎవ్వరు వెతకరు. ఓవర్."

ఎంత సులువుగా అనేశాడండీ! ఓవర్ అట.

అశోక్‌నగర్‌లో ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ ఇస్తామంటూ ఒక విదేశీ ముఠా మకాం పెట్టింది. దానికి డైరెక్టర్ కళ్యాణ్. వాళ్లకు కావలసింది ఒక లిస్టు: పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్లు నలభై ఇద్దరి అసలు పేర్లు. స్వరూప ఆ సెంటర్‌లో రిసెప్షనిస్టుగా చేరింది. చలువ కళ్లద్దాలు, పట్టుచీర, మనిషి మలుపు తిరిగినా వీధిలో నిలిచిపోయే సెంటు వాసన. ముఠా ఆమెను తన మనిషే అనుకుంది. మన రహస్యాలంటూ ఆమె వాళ్లకు అందించినవన్నీ ఉమాకాంత్ వండి ఇచ్చిన అబద్ధాలే.

పోయిన వారం సోమవారం ఆమె దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఉమాకాంత్ దాన్ని చూసి మురిసిపోయాడు కూడా, ఎంత గట్టి సైఫర్ కట్టిందో అని! అరగంటలో ఢిల్లీకి పంపి చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత స్వరూప జాడ లేదు.

ఇప్పుడు కాపీలు తీద్దామంటే ప్రింటర్‌లో ఇంకు లేదు. మెట్లు దిగితే మనోరమ డీటీపీ సెంటర్. శుభలేఖలూ అశోక్‌నగర్ గైడ్లూ ముప్ఫై ఏళ్లుగా కంపోజ్ చేస్తున్న చెయ్యి ఆమెది. బయటి కంప్యూటర్‌లో శాఖ పెన్‌డ్రైవ్ పెట్టడం రూల్స్ ప్రకారం నేరం. చెత్తకు రహస్యమేమిటని విసుక్కుంటూ ఉమాకాంత్ కిందికి దిగాడు.

"రెండు కాపీలు, అక్కా."

మనోరమ ఫైల్ తెరిచి, కళ్లజోడు సవరించుకుంది.

"ఏంది సార్, ఫాంట్ లేకుండనే తెచ్చిన్రు? గిట్లనే ప్రింట్ తీస్తే ఎవరు చదువుతరు?"

"అది... చదివేది కాదక్కా."

"ఎందుకు కాదు? తెలుగే గద. జర ఆగుండ్రి."

మొత్తం సెలెక్ట్ చేసి, ఫాంట్ల లిస్టులోంచి ఒక పేరు నొక్కింది. టోపీలు, డాలర్లు, బ్రాకెట్లు మాయమయ్యాయి. తెర నిండా గుండ్రటి తెలుగు అక్షరాలు.

ఉమాకాంత్ తెర దగ్గరికి వంగాడు. మనోరమ తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"కంప్యూటర్‌కు అక్షరాలు యాడ తెలుసు సార్? దానికి అన్ని నంబర్లే. అరవై ఐదంటే ఇంగ్లీషు ఎ. పాత ఫాంట్లు ఆ ఇంగ్లీషు నంబర్ల మీదనే తెలుగు బొమ్మలు అతికించినయ్. ఫాంట్ ఉంటె తెలుగు, లేకుంటె గీ చెత్త. యూనికోడ్ వచ్చినంక తెలుగుకు సొంత నంబర్లు వచ్చినయ్ గని, గైడ్లు కొట్టేటోళ్లు ఇంకా పాతదే కొడుతున్నరు."

తెర మీద ఇలా ఉంది:

"సార్, ఫోన్ లాక్కున్నారు. గైడ్లు కంపోజ్ చేసే పాత సిస్టమ్ మీద కొడుతున్నాను. లిస్టు వీళ్ల చేతికి చిక్కింది. దాన్ని మోడల్ పేపర్ల పుస్తకంలో, జవాబుల కీలో దాచారు. ఆ అంకెలన్నీ అక్షరాల నంబర్లే. వచ్చే వారం బుధవారం ఐదింటికి నారాయణగూడ మెట్రోలో కళ్యాణ్ ఆ పుస్తకం చేతులు మారుస్తాడు. నా మీద అనుమానం వచ్చింది. ఈ బుధవారం లోపల నన్ను తీసుకుపోండి. తర్వాత కుదరదు."

ఈ బుధవారం అంటే వారం కిందటి బుధవారం. ఉమాకాంత్ రోజుకు నాలుగుసార్లు ఈ షట్టర్ ముందు నుంచే ఎక్కాడు, దిగాడు. ఒక్కసారి ఈ ముక్క మనోరమకు చూపిస్తే స్వరూప బయటపడేది. తెలుగువాడై ఉండి, తెలుగు ఉత్తరాన్ని తాళమనుకుని ఢిల్లీకి పంపిన ఘనుడు తానే! ఛీ అనుకున్నాడు. ఎన్ని ఛీలు అనుకుంటే మాత్రం ఏం లాభం?

గోడ గడియారం నాలుగూ ముప్ఫై ఐదు చూపిస్తోంది. చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, అది తెలుగు."

ఉత్తరం మొత్తం చదివి వినిపించాడు. "టీమ్ రానీకి గంట పడ్తది," అన్నాడు విద్యాసాగర్.

"నేనే పోతున్న. తర్వాతి స్టేషన్ల పోలీసుల్ని పెట్టుండ్రి."

డెలివరీ వాళ్ల టీషర్టు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, స్కూటర్ తీశాడు. ఉన్నది ఒక్క స్టేషన్ దూరం. ట్రాఫిక్‌కు ఆ సంగతి తెలియదు. నాలుగూ యాభై ఎనిమిదికి ప్లాట్‌ఫారం ఎక్కితే, కోచింగ్ పిల్లలు వందమంది, సగం మంది చేతుల్లో అదే పుస్తకం. చివరి బోగీ ఆగే చోట కళ్యాణ్ కనిపించాడు.

రైలొచ్చింది. తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి ఒక విదేశీయుడు చెయ్యి చాచాడు. ఉమాకాంత్ మత్తు సూది ఉన్న పెన్ను తీసి నొక్కాడు. సూది బయటికి రాలేదు. శాఖ ఇచ్చిన సామాను ఎప్పుడు పని చేసింది గనక! తలుపులు కదులుతున్నాయి. ఒంటి చేత్తో కళ్యాణ్ కాలర్ పట్టి వెనక్కి లాగాడు. తలుపులు మూసుకున్నాయి. విదేశీయుడి చెయ్యి అద్దానికి అటు, పుస్తకం ఇటు.

నలభై రెండు ప్రాణాలు నిలబడ్డాయి. ఉమాకాంత్ అడిగింది మాత్రం ఒకరి గురించే.

"స్వరూప ఏది?"

కళ్యాణ్ నేల మీద పడి రొప్పుతూనే నవ్వాడు. "బుధవారం పొద్దుమూకెదాక కిటికీ కాడనే కూసున్నది. మా సార్ వస్తడు, వస్తడు అన్నది. నువ్వేనా ఆ సార్‌వి? జర లేటైంది గద అన్నా."

ఉమాకాంత్ అక్కడే ప్లాట్‌ఫారం మీద కూలబడి ఏడ్చాడు. డెలివరీ అబ్బాయికి ఏ కష్టమొచ్చిందోనని పిల్లలు పక్కకు తప్పుకున్నారు.

నెల తర్వాత ఢిల్లీ నుంచి మెయిల్‌లో ప్రశంసాపత్రం వచ్చింది. అంతా ఇంగ్లీషు. అమరుల పేరు మాత్రం మాతృభాషలో ఉండాలని కొత్త రూలట. పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులున్నాయి.

ఉమాకాంత్ పరుగున కిందికి దిగాడు. "ఫాంట్ మార్చి చూడక్కా."

మనోరమ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది ఫాంట్ లొల్లి కాదు సార్. ఆళ్ల పాత మిషిన్‌కు తెలుగు నంబర్లు తెల్వవు. తెల్వనిదాని జాగల ప్రశ్న గుర్తు పెట్టి, అసలు నంబరు పారేసింది. ఇగ ఎన్కకు రాదు."

"ఎన్ని ఉన్నయి?"

"ఆరు. పేరేంది సార్?"

"స్వరూప."

ఆమె వేళ్ల మీద ఎంచింది. "స, పొల్లు, వ, ర, కొమ్ముదీర్ఘం, ప. ఆరు నంబర్లు. సరిపోయింది."

ఢిల్లీ వాళ్లు స్వరూప విషయంలో తప్పు లేకుండా చేసింది ఈ లెక్క ఒక్కటే.