ఎడమ పక్క కాగితం

అడుగులు!

చెక్క మెట్ల మీద... పైకే వస్తున్నాయి!

"బిన్నా తియ్యి అక్కా! వాడే... నా మరిది!" అంబుజం తొందరపెట్టింది.

అటెండర్ పట్టమ్మాళ్ చేతిలో తాళాలు గలగలమంటున్నాయి.

1982 ఆగస్టు. సాయంత్రం నాలుగున్నర. పుదుచ్చేరి మ్యూజియం మేడ మీది గది. ఇద్దరాడవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

అద్దాల పెట్టె తళతళ మెరుస్తోంది. లోపల రెండు పాత కాగితాలు. రెండింటి మీదా తెలుగు రాత. రెండింటి మీదా ఎర్ర లక్క ముద్ర.

ఒకటి అంబుజం పుట్టింటి పొలం దస్తావేజు. భద్రంగా ఉంటుందని తండ్రే మ్యూజియానికిచ్చాడు. రేపు పదింటికి అది కోర్టులో చూపిస్తేనే విల్లియనూరు పొలం దక్కేది. లేదంటే... మరిది ఆదికేశవన్ దొంగ పత్రంతో సేదరపేట్ ఫ్యాక్టరీకి అమ్మేస్తాడు!

ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదవడం మాత్రం అంబుజానికి రాదు.

పోయిన ఆదివారం యానాం నుంచి వచ్చిన గుమాస్తా సత్తిరాజు చదివి చెప్పాడు. ఎడమది దస్తావేజు. కుడిది పల్లకీ బోయీల పేర్లు.

పెట్టె తెరుచుకుంది. అంబుజం ఎడమది జాకెట్లో దోపుకుంది. కుడిది చేతిలో పట్టుకుంది.

తలుపు ధడాలున తెరుచుకుంది!

ఆదికేశవన్. చేతిలో పిస్తోలు.

"ఏంది వదినా, మ్యూజియం చూడను వచ్చినావా? నిన్నూ ఈ పెట్టెలో పెట్టి తాళం ఏసేదా?"

కాగితం లాక్కున్నాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. వాడికీ చదవడం రాదు!

"ముద్ర ఉండాది. ఇదే!"

లైటర్ క్లిక్‌మంది. మంట!

"వద్దు ఆదికేశవా! నా నోట మన్ను కొట్టొద్దు!"

కాళ్ళ మీద పడి ఏడ్చింది. అంతా నటనే.

"రేపు ఒట్టి చేతుల్తో కోర్టుకు రా వదినా. బస్సు చార్జీ నేనిస్తాలే!"

వెళ్ళిపోయాడు.

అంబుజం మెట్లు దిగింది. పరుగు... పరుగు!

గేటు బయట స్కూటర్ మీద సత్తిరాజు.

"ఎక్కండమ్మా, తొందరగా!"

"ఉండు తమ్ముడూ. ఒక్కసారి చదువు. మా తాత పేరు చెవులారా వింటా."

సత్తిరాజు కాగితం విప్పాడు.

"పల్లకీ మోసే బోయీలు... వెంకన్న... తిరుమలై..."

కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"అమ్మా... ఇది దస్తావేజు కాదండీ."

"ఏందీ? ఎడమదే కదా తీసినా!"

వెనకే ఆయాసపడుతూ వచ్చిన పట్టమ్మాళ్ గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"నిన్న ఆఫీసర్ వస్తాడని పెట్టె తుడిచినా అంబుజం... రెండూ బయటికి తీసినా. యాడిది ఆడనే పెట్టినాననుకున్నా... నాకేం తెలుసు ఆ అక్షరాలు?"

లోపల మూసే వేళ గంట కొట్టారు.

మేడ కిటికీలోంచి నల్లటి బూడిద రేకు ఒకటి తేలుతూ వచ్చి అంబుజం భుజం మీద వాలింది.

పైన అంత బాగా ఏడ్చింది.

ఇప్పుడు... ఒక్క చుక్క రావడం లేదు.