ముందు ఎవర్ని చూడాలి?

నర్సింగ్ కాలేజీ వరండా చివరి గదిలో ఆ ఆట పెట్టింది ట్యూటరమ్మే. గదిలో అంతా నిజం వార్డు సరంజామా. మంచం, సెలైన్ స్టాండు, గోడకి మానిటరు, మంచం మీద మెడదాకా దుప్పటి కప్పుకున్న రబ్బరు ముసలాయన. మోటారు తిరిగినంతసేపూ ఆయన ఛాతీ లేచి పడుతూ ఉంటుంది. విద్యార్థిని లోపలికెళ్లగానే తలుపుకి తాళం పడుతుంది. బయటపడే తాళంచెవి అంకెల తాళమున్న పెట్టెలో ఉంటుంది. ముసలాయన నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో అదే ఆ పెట్టె నంబరు. మానిటరు మీద మాత్రం ట్యూటరమ్మ కావాలనే తప్పు అంకె పెట్టింది. మిషన్‌ని నమ్మినవాళ్లు గడువు ముగిసేదాకా లోపలే.

అందరికంటే ఘోరంగా బోల్తా పడింది ఆవిడ చెల్లెలి కూతురే. ఎక్కడా కుదురుగా నిలవదని ఇంటిల్లిపాదీ తూనీగ అంటారు. ఆడిన ప్రతిసారీ మానిటరు అంకే తిప్పింది. ఇవాళ ఆఖరి అవకాశం. ఇదీ పోతే వార్డుకి పంపరు, ఏడాదంతా మళ్లీ చదవాలి.

“పెద్దమ్మా, ఒక్క ముక్క చెప్పవూ?” తలుపు దగ్గర బతిమాలింది.

“ఇక్కడ పెద్దమ్మ లేదు, మేడం ఉంది. లోపలికెళ్తే మేడం కూడా లేదు, ముసలాయనే.”

“నీ ముసలాయన గొంతు వింటే నవ్వాగదు నాకు. జలుబు చేసిన గేదెలా...”

“నవ్వు. నవ్వుకుంటూ ఇంకో ఏడాది కూర్చో. అందరికీ చెప్పేదే నీకూ. మిషన్‌ని నమ్మొద్దు, మనిషిని చూడు. ముట్టుకుని చూడు. ఊఁ, నడు.”

తాళం వేసి ట్యూటరమ్మ పక్కగదిలో కూర్చుంది. ఇరుకు గది. స్పిరిట్ వాసన, పాత పరుపుల వాసన. ఎదురుగా పెద్ద అద్దం. ఇటునుంచి వార్డంతా కనబడుతుంది, అటువైపు వాళ్లకి తమ మొహమే కనబడుతుంది. ఏసీకి అద్దం మంచుగడ్డలా ఉంది. ఆవిడ ముందుకి వంగినప్పుడల్లా ఊపిరి తగిలి మసకబారుతోంది. కొంగుతో తుడిచి, మైకు నొక్కి ముసలాయన గొంతు పెట్టింది.

“ఆయాసంగా ఉందమ్మా...”

తూనీగ తిన్నగా మానిటరు వైపే చూసింది. ట్యూటరమ్మ పళ్లు నూరింది. ఎడమ భుజం ఎందుకో పీకింది. రుద్దుకుని మళ్లీ వంగింది. పిల్ల అప్పుడే పెట్టె మీద చెయ్యి వేసింది.

ఆపాలని మైకు నొక్కింది. ఎర్ర లైటు వెలగలేదు. మళ్లీ నొక్కింది. వైరు ఊడి, కాళ్ల దగ్గర పడి ఉంది.

అప్పుడు స్పీకర్లోంచి గొంతు వినబడింది. వార్డులోంచి.

“నన్ను కాదమ్మా...”

తూనీగ గొంతు కాదు. తడిగా, ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టు... ట్యూటరమ్మ తడుముకుంటూ మోటారు స్విచ్చు కట్టేసింది. రబ్బరు ఛాతీ ఆగిపోయింది. పెదవులు కదల్లేదు.

“ముందు అద్దం వెనకున్నావిడని చూడు.”

తూనీగ కిసుక్కుమంది. “ఏంటి మేడం, ఇది కొత్తగా కలిపారా?”

“ఆవిడ ఊపిరి లెక్కపెట్టు...”

నవ్వు ఆగింది. పిల్ల అద్దం వైపు తిరిగింది. తన మొహం తప్ప ఏమీ కనబడదు. అయినా చూపు సరిగ్గా ట్యూటరమ్మ గుండెల మీద నిలిచింది. వాచీ ఎత్తి పట్టుకుంది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క క్షణం నిలవని పిల్ల, కదలకుండా నిలబడింది. చాలాసేపు...

తర్వాత పెట్టె దగ్గరికెళ్లి అంకెలు తిప్పింది. అన్నీ సున్నాలే.

అది ఆవిడ పెట్టిన నంబరు కాదు.

తాళం ఊడింది.

తూనీగ తాళంచెవితో తలుపు తీసుకుని పక్కగదిలోకి వచ్చింది. పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది.

“నాకేమైందే? బాగానే ఉన్నా. ఎవరే ఆ మాట్లాడింది?”

ట్యూటరమ్మ నాడి చూసే క్లిప్పు వేలికి తగిలించుకుంది. చిన్న తెర మీద పచ్చటి అంకెలు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. “చూడు... చూడవే...”

“మిషన్‌ని నమ్మొద్దన్నావు కదా పెద్దమ్మా” గుసగుసగా అంది తూనీగ.

పిల్ల వేళ్లు మణికట్టు మీద వెతికాయి. మోచేతి మడతలో వెతికాయి. మెడ దగ్గరికొచ్చాయి... అక్కడా వెతుకుతూనే ఉన్నాయి.

ట్యూటరమ్మ అద్దం వైపు తిరిగింది. ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది. నోరు తెరిచి, ఉన్న శక్తంతా కూడదీసుకుని ఊపిరి వదిలింది.

అద్దం మసకబారలేదు.