అడుగున ఉన్న మాట

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. అక్కావాళ్లింట్లో భోజనాలయ్యాక బల్ల తుడిచి పాచికలు, పెన్సిళ్లు, తెల్లకాగితాలు పరిచాం. అప్పుడప్పుడూ మేం నలుగురం కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. ఎప్పుడూ అంతరిక్షం కథలే. ఓడ చెడిపోయి ఏదో గ్రహం మీద దిగుతాం. అక్కడినుంచి బతికి బయటపడాలి. ఏం చేస్తామో మేం చెబుతాం, ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి.

కథ నడిపేది బావ. బావ నడిపితే ఎవరూ బతకరు. అక్క పాత్రనైతే మరీ తీరిగ్గా చంపుతాడు. ఊపిరాడక ఎలా గిలగిల్లాడిందో, ఎవరిని పిలిచిందో, ఎవరు పలకలేదో అన్నీ వర్ణించి, "ఆటే కదా" అంటాడు. అక్క నవ్వేస్తుంది. ఆ నవ్వు చూడలేక నేను కాగితంలోకి తల దూర్చేదాన్ని.

నాలుగో మనిషి బావ ఆఫీసులో పనిచేసే అతను. మొహంలో మీసం తప్ప ఇంకేమీ కనపడదని అందరూ మీసం అనే పిలుస్తారు. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతాడు.

ఆ రోజు కూర్చున్నది ఆడటానికి కాదు, కొత్త గ్రహం తయారు చేసుకోవడానికి. అక్కావాళ్ల పాప లోపలి గదిలో చాపమీద నిద్రపోతోంది. దానికింకా మాటలు రాలేదు. పాకడం మాత్రం వచ్చింది.

బావ ముందు మొదలుపెట్టాడు. రెండు చందమామలు, గనులు, కూలీల తిరుగుబాటు. మీసం ఆవులింత ఆపుకుంటూ, "బాస్, ఇది పోయినసారిదే. చందమామ ఒకటి పెరిగిందంతే" అన్నాడు.

బావ మొహం మాడ్చుకున్నాడు. "అయితే మా మరదలుగారిని అడుగు. తెలివంతా ఆ వంశంలోనే గుమ్మరించారు."

నేను డబ్బింగ్ స్టూడియోలో గొంతులు రికార్డు చేస్తాను. గోడలకి మందపాటి స్పాంజి వేసిన గది మాది. అందులో మాట్లాడితే మాట ఎక్కడికీ పోదు. పెదాల దగ్గరే రాలి కింద పడ్డట్టుంటుంది. ఈ గ్రహం నాకు అక్కడే తట్టింది.

"అక్కడ గాలి చాలా బరువు. అస్సలు కదలదు" అన్నాను. "అందుకని మాట చెదిరిపోదు. మెల్లగా కిందికి దిగి నేలమీద పేరుకుంటుంది. కొత్త మాటల కింద పాత మాటలు. నేలకి చెవి ఆనిస్తే వరసగా వినిపిస్తాయి. విన్నవాళ్ల నోట్లోంచే మళ్లీ బయటికొస్తాయి."

మీసం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అయితే డబ్బున్నవాళ్లు స్తంభాల మీద ఇళ్లు కట్టుకుంటారు. లేనివాళ్లు కింద. పైవాళ్ల తిట్లన్నీ కిందవాళ్ల చెవుల్లోకే."

"తెల్లారేసరికి ఊడ్చేవాళ్లొస్తారు. గొట్టాలతో మాటలు పీల్చి ఊరవతల పారబోస్తారు" అన్నాను.

"వాళ్లలో ఇద్దర్ని మా ఆఫీసుకి పంపండి. మీటింగు హాల్లో మోకాళ్లదాకా ఉంటాయి."

అక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. కాగితం అంచు మడుస్తూ మెల్లగా అంది. "అక్కడ పిల్లల్ని పాకనివ్వరు."

అంత మంచి ఊహ మా ఎవరికీ రాలేదు. బావకి అదే కంటగింపయింది.

"సరే. అన్నిటికన్నా అడుగున ఏముంటుంది?" అన్నాడు నావైపు తిరిగి.

"మనుషులు రాకముందు అన్న మాట."

"మనుషులు లేకుండా ఎవరన్నారు?"

"అది ఆటలో తేలాలి."

"ఇప్పుడే తేల్చేద్దాం."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. మబ్బు వల్ల గదిలో వెలుతురు మాసిపోయినట్టుంది. బావ లేచి కిటికీలన్నీ మూసేశాడు. "గాలి కదలకూడదుగా" అన్నాడు. ఆ ఇల్లు కొత్తది. అక్కావాళ్లకంటే ముందు అందులో ఎవరూ ఉండలేదు. కిటికీలు మూయగానే తడి సున్నం వాసన గుప్పుమంది. దాని వెనక ఇంకో వాసన కూడా ఉంది. చాలాకాలం మూసిన నోరు తెరిస్తే వచ్చేలాంటిది.

బావ హాలు మధ్యలో బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు.

"ఆ, వస్తున్నాయి" అని అక్క గొంతు అనుకరించాడు. "ఏవండీ, ఆలస్యమవుతుందా? ఏవండీ, కూర బాలేదా?"

మీసం మొహమాటానికి నవ్వాడు. అక్క నవ్వలేదు.

బావ ఇంకేదో అనబోయి ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. చెవిని నేలకి ఇంకా గట్టిగా అదిమాడు.

"ఎవరు?" అన్నాడు. మమ్మల్ని కాదు.

"చాల్లెండి, లేవండి" అంది అక్క.

ఉలుకూ పలుకూ లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. నటిస్తున్నాడనుకున్నాం. వాన చప్పుడు, మా ఊపిరి. ఇంకేం లేదు.

అప్పుడు లోపలి గదిలోంచి ఎవరో మాట్లాడారు.

"గొంతు పెంచకు. పక్కగదిలో మీ చెల్లెలుంది."

అది పాప గొంతు. కానీ మాటలు స్పష్టంగా, తీరుగా ఉన్నాయి. ముగ్గురం గుమ్మం దగ్గరికి వెళ్లాం. పాప చాప దిగి నేలమీద బోర్లా పడుకుని ఉంది. బుగ్గ నేలకి అతుక్కుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూడటం లేదు.

"నీకెవరున్నారు వెళ్లడానికి? వెళ్తే ఒక్కదానివే వెళ్లు. పాప ఇక్కడే ఉంటుంది."

కాస్త ఆగింది. తర్వాత ఇంకో తీరున...

"చెయ్యి వదలండి. విరుగుతుంది."

ఎండాకాలంలో అక్క చేతికి కట్టు ఉండేది. బాత్రూంలో జారానంది. నమ్మాను. అక్కవైపు చూశాను. తను తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. అబద్ధమని ఒక్క మాట అనలేదు.

మీసం వెనక్కి తిరిగి బావని చూశాడు. నేనూ చూశాను. హాల్లో బావ పెదాలూ అవే మాటలకి కదులుతున్నాయి. పాప అంటున్నదీ, బావ గొణుగుతున్నదీ ఒకటే. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆ ఇంట్లో అన్నవన్నీ వచ్చాయి. తలుపులు మూసి అన్నవి, పళ్లబిగువున అన్నవి. చివరికి ఆ ఇంట్లో దిగిన రోజు "బల్ల ఇటు పెట్టండి" అన్న మాట కూడా వచ్చింది. అక్కడితో అయిపోవాలి. ఇల్లు కొత్తది కదా.

అయిపోలేదు.

"వింటున్నా" అంది పాప.

ఆ గొంతు ఈసారి మా ఎవరిదీ కాదు. నిదానంగా, తడిగా...

"ఆపొద్దు... బాగుంది... మళ్లీ తిట్టు..."

అందులో కోపం లేదు. ఇష్టం ఉంది. అదే భరించలేకపోయాను.

అక్క ఒక్క ఉదుటున వెళ్లి పాపని ఎత్తింది. బుగ్గ నేలనుంచి ఊడి వచ్చినట్టు చిన్న చప్పుడైంది. పాప కెవ్వుమంది. మామూలు పసిపిల్ల ఏడుపు. మాట దాని నోట్లో సగంలో తెగింది. మిగతా సగం హాల్లోంచి బావ పూర్తి చేశాడు.

"పదవే" అంది అక్క నాతో.

వీధి తలుపుకి వెళ్లాలంటే బావ పక్కనుంచే వెళ్లాలి. అక్క దాటుతుండగా, మొహం నేలనుంచి ఎత్తకుండానే, బావ చెయ్యి చాచి అక్క చీలమండ పట్టుకున్నాడు.

"దించు. దాన్ని కింద దించు" అన్నాడు. ఆ తడి గొంతుతోనే.

అక్క కిందికి చూసింది. రెండో కాలు ఎత్తి ఆ చేతి మీద పెట్టి, తన బరువంతా మోపి నిలబడింది. ఏదో విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బావ అరవలేదు. వేళ్లు మాత్రం విడిపోయాయి. మీసం తలుపు తీశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వచ్చేశాం.

అప్పటినుంచీ అక్కా పాపా నా దగ్గరే ఉన్నారు. మాది పెద్ద అపార్టుమెంటు, బాగా పై అంతస్తు. పాపని చాలారోజులు మంచం దిగనివ్వలేదు. అది నడక నేర్చింది కూడా పరుపు మీదే. ఇప్పుడు అందరి పిల్లల్లాగే అత్తా, తాతా అంటోంది. బావ ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు. ఆఫీసుకీ రావడం లేదని మీసం చెప్పాడు.

నిన్న పొద్దున మీసం ఆ ఇంటికి వెళ్లాడు. అక్కడినుంచే ఫోన్ చేశాడు. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"తలుపు తీసే ఉంది. మంచం, బల్ల అన్నీ పెరట్లో పడేశాడు. హాల్లో బోర్లా పడుకుని ఉన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను."

లైన్లో ఇంకో గొంతు కూడా ఉంది. చాలా సన్నగా, అవే మాటలు. మొదట ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని మాట తర్వాత వస్తుంది. ఇది ముందొస్తోంది.

"చిక్కిపోయాడు" అంది ఆ గొంతు.

"చిక్కిపోయాడు" అన్నాడు మీసం.

"లోపలికి వెళ్లకండి. వచ్చేయండి" అన్నాను.

"వస్తున్నా. పాప జాగ్రత్త" అంది ఆ గొంతు.

"వస్తున్నా. పాప జాగ్రత్త" అన్నాడు మీసం.

తర్వాత ఆ గొంతు ఇంకో మాట అంది.

"ఎన్నో అంతస్తయితేనేం. అదీ నేలేగా."

మీసం ఆ మాట అంటాడని ఫోను చెవికి అదుముకుని ఎదురుచూశాను. అతను అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లో నేలమీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న అక్క, తలెత్తకుండా, మామూలుగా ఆ మాట అంది.