చివరి స్థలం కింద పైపు

ప్రెయిరీ విండ్ పార్కులో చివరి స్థలానికి మంచి పేరు లేదు.

టెక్సస్‌లో, డ్రై ఫోర్క్ ఊరికి అవతల, హైవే పక్కన, చక్రాల ఇళ్ళు నిలుపుకునే చోటది. ఏళ్ళ తరబడి కదలకుండా పాతుకుపోయిన ట్రైలర్లు కొన్ని, రాత్రికి ఆగి పొద్దున్నే వెళ్ళిపోయే బళ్ళు కొన్ని. ఎంత రద్దీ ఉన్నా ఆ చివరి స్థలం మాత్రం ఖాళీగా పడుండేది. అక్కడ బండి ఆపినవాళ్ళు తెల్లారేదాకా ఉండరని చెప్పుకునేవాళ్ళు. నేల కింద నుంచి ఎవరో కొడతారట... ఆగి, ఆగి, మళ్ళీ కొడతారట.

ఆ సంగతేమీ తెలియకుండానే వెర్నా స్టకీ అక్కడికి మేనేజరుగా వచ్చింది. ఆమెకి ముందు ఆ పని చూసిన రస్, వసంతకాలంలో గుండె ఆగి చచ్చిపోయాడు. పోతూ పోతూ పార్కు వ్యవహారమంతా బుర్రలోనే పెట్టుకుపోయాడు. ఏ పైపు ఎవరు వేశారు, ఏ వైరు ఎవరు లాగారు, గ్యాస్ వాసన వస్తే ఎవర్ని పిలవాలి... చెప్పడానికి చిన్న కాగితమ్ముక్క కూడా లేదు. ఉన్నదల్లా డ్రాయరు నిండా కుక్కిన జిడ్డు బిల్లులూ, నలిగిపోయిన కార్డులూ.

వెర్నా అవన్నీ బల్ల మీద బోర్లించి పని మొదలుపెట్టింది. ప్లంబరుకి ఒక ఫైలు, కరెంటు పనివాడికి ఒకటి, సెప్టిక్ ట్యాంకు తోడేవాళ్ళకి ఒకటి. లైసెన్సు, బీమా కాగితం, ఎప్పుడొచ్చారు, ఎక్కడ తవ్వారు... ఏదీ వదల్లేదు. పార్కు జనం ఆమెకి ‘కాగితాల మేడం’ అని పేరు పెట్టేశారు.

"అమ్మాయ్, ఆ చివరి స్థలానిక్కూడా ఫైలు తెరిచావా?" అని ఒకరోజు ఎగతాళి చేసింది, దాని పక్క ట్రైలర్లో ఉండే ముసలావిడ ఓపల్.

"దాని కింద డ్రైనేజీ పైపు వేసి, కలపకుండా వదిలేశారటగా? వేసిందెవరో తెలిస్తే తెరుస్తాను, మిస్ ఓపల్."

ఓపల్ నవ్వడం మానేసింది.

"పైపు సంగతి నాకు తెలీదు. నేను మాత్రం రేడియో పెట్టుకునే పడుకుంటాను."

చలికాలం మొదట్లో మంచు తుఫాను వచ్చింది. హైవే మూసేశారు. పార్కు నిండిపోయింది. ఆఖర్న ఒక పెద్దాయనా భార్యా పాత బండిలో వణుక్కుంటూ వచ్చారు. వేరే దారి లేక వెర్నా వాళ్ళకి ఆ చివరి స్థలమే ఇచ్చింది.

అర్ధరాత్రి దాటాక ఆఫీసు తలుపు చప్పుడైంది. పెద్దాయన గడప మీద నిలబడి ఉన్నాడు. కోటు బొత్తాలు కూడా పెట్టుకోలేదు.

"మేం వెళ్ళిపోతున్నామమ్మా."

"ఈ మంచులోనా? దారులన్నీ మూసేశారు కదండీ!"

ఆయన గొంతు తగ్గించాడు. "నేల కింద మనిషున్నాడు."

వాళ్ళిద్దర్నీ ఆఫీసులో హీటరు దగ్గర కూర్చోబెట్టి, టార్చి తీసుకుని వెర్నా ఒక్కతే బయల్దేరింది. గాలి మొహాన్ని కోస్తోంది. ట్రైలర్లన్నీ చీకటి... ఓపల్ కిటికీ వెనక మాత్రం రేడియో సన్నగా గొణుగుతోంది. అదీ దాటింది. ఇక మంచు మీద తన అడుగుల చప్పుడే...

ఆగింది. విన్నది.

ఏమీ లేదు.

‘పెద్దవాళ్ళు, భయపడ్డారు’ అనుకుని వెనక్కి తిరగబోయింది —

టక్.

చాలా సేపు ఏమీ లేదు.

టక్... టక్.

ఎక్కణ్ణుంచో కాదు. సరిగ్గా తన కాళ్ళ కింద నుంచి.

వెర్నా మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎవరు?" అంది. ఆ మాట ఆమెకే వినపడలేదు. ఎందుకు చేసిందో తర్వాత ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది గానీ, టార్చి తిరగేసి గడ్డకట్టిన నేల మీద తనూ కొట్టింది.

కింద చప్పుడు ఆగిపోయింది.

మరుక్షణం — టకటకటకటక — ఆత్రంగా, ఊపిరి తిప్పుకోకుండా, పిచ్చెత్తినట్టు...

టార్చి అక్కడే పడేసి పరిగెత్తింది వెర్నా.

ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారి వెలుగు వచ్చాక మాత్రం తనకి తనే నచ్చజెప్పుకుంది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. కలపకుండా వదిలేసిన పైపు, లోపల గాలి కొట్టుకుంటోంది. వేసినవాడే వచ్చి చూడాలి. ఫైళ్ళు ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. చివరి స్థలంలో మీరేమైనా చేశారా? లేదు. మీరు? లేదు.

దారులు తెరిచాక ప్లంబరు డ్యుయేన్ హాస్కెట్ ఆఫీసుకే వచ్చాడు. మంచి పనివాడు, నోరు కాస్త పెద్దది.

"నేను వేశానని ఎవడన్నాడు? నన్ను పిలిచి అవమానించాడండీ రస్! ఏళ్ళ కిందటి మాట, మండువేసవి. ‘ఎండెక్కకముందే గొయ్యి తవ్విస్తా, పొద్దున్నే రా’ అన్నాడు. పైపులన్నీ బండిలో వేసుకొచ్చా. వచ్చి చూస్తే గొయ్యి పూడ్చేసి ఉంది. ఇంకెవడిచేతో పైపు వేయించుకున్నాడని ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ వాడితో మాట్లాడితే ఒట్టు."

"నాకు దొరికిన ప్లంబర్లందర్నీ అడిగాను డ్యుయేన్. ఎవరూ వెయ్యలేదు."

"అయితే రస్ నేనే వేశాననుకున్నాడన్నమాట!" అని నవ్వాడతను.

"గొయ్యి తవ్విందెవరు?"

"స్లిమ్ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలీదు. దొరికిన కూలిపనల్లా చేసుకునేవాడు. వాడికి లైసెన్సులూ బీమాలూ ఎక్కడివి, మీరు ఫైలు పెట్టడానికి? ఆ తర్వాత ఊళ్ళో కనపడనే లేదు. దేశదిమ్మరి, ఎటో పోయుంటాడు."

రాసుకుంటున్న వెర్నా చెయ్యి ఆగిపోయింది.

"పైపు వెయ్యకముందే గొయ్యి ఎవడు పూడుస్తాడు, డ్యుయేన్?"

డ్యుయేన్ కుర్చీలోంచి లేచాడు. మొహంలో రక్తం మెల్లగా దిగిపోయింది.

మధ్యాహ్నానికి షెరీఫు, అతని పోలీసులు వచ్చి చివరి స్థలంలో తవ్వారు. ఆ గొయ్యి ఎవరూ పూడ్చలేదు. రెండు పక్కల మట్టీ ఒక్కసారిగా జారి పడిపోయింది. ముందు ఒక బూటు కనపడింది. తర్వాత అడ్డంగా పడిన చెక్కపలక. దాని కింద, ఇరుకు సందులో, ముడుచుకుని కూర్చున్న ఎముకలు. పార కర్ర పైకెత్తి పట్టుకునే ఉన్నాయి రెండు చేతులూ.

షెరీఫు టోపీ తీశాడు. ఓపల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. "ఇతని మనుషులు ఎక్కడో ఉండుంటారు. నేను వెతుకుతాను" అంది వెర్నా, ఎవరితోనో తెలీకుండా.

డ్యుయేన్ తన బండి వెనక చతికిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. అతను తల ఎత్తలేదు.

"ఆ పొద్దున్న... ఆ మట్టి మీదే నిలబడి కాఫీ తాగాను, మేడం. కాళ్ళ కింద ఏదో కొడుతున్నట్టు అనిపించింది."

తన బూట్ల కేసి చూసుకున్నాడు.

"నీళ్ళ మోటారు అనుకున్నాను."