దాహాసురుడు కప్పిన ఓఢ్నీ

సుగ్నా ఇసుకతో గిన్నెలు తోముతున్నది. మరుగిరి రాజ్యంలో ఎవరింట్లోనైనా అంతే. నీళ్ళు తాగడానికే చాలవు కనుక గిన్నెలను పొడి ఇసుకతో రుద్ది, గుడ్డతో తుడిచి బోర్లిస్తారు. ఇప్పుడు తాగడానికి కూడా నీళ్ళు లేవు. ఎడారి నడుమ ఉప్పుకోటలో చేరిన దాహాసురుడు నేల అడుగున ఉన్న నీటినంతా పీల్చేస్తున్నాడు. వాడు ఊదితే మనిషి ప్రాణం ఉండగానే ఉప్పుబొమ్మ అయిపోతాడని చెప్పుకుంటారు. వాణ్ణి చంపమని రాజు పంపిన వీరులలో ఒక్కడూ తిరిగి రాలేదు. సుగ్నా భర్త ఖేతా కూడా వాళ్ళతోనే వెళ్ళాడు.

వాకిట్లో గిట్టల చప్పుడైంది. ఖేతా గుర్రం ఒంటరిగా వచ్చి కూలబడింది. జీనుకు అతని ఎర్ర తలపాగా చిక్కుకొని ఉంది. దాని అంచులు ఉప్పుతో బిరుసెక్కాయి.

అత్తగారు ధాపూబాయి గోడకు చేరగిలబడింది. "అయిపోయింది. ఉప్పుబొమ్మను చేశాడు నా కొడుకును."

"బొమ్మ అయ్యాడంటే చావలేదనేగా అత్తా! నేను పోయి తెస్తాను."

"కత్తులు పట్టిన మగాళ్ళే రాలేదు. నీ కాళ్ళకున్న వెండి కడియాల బరువుకు నువ్వు పొలిమేర దాటేసరికే పొద్దుగుంకుతుంది. వాటినైనా తీసి పో!"

"మొగుడుండగా కడియాలు ఎందుకు తీస్తాను?" అంటూ సుగ్నా తలపాగాను నడుముకు చుట్టుకొని, ఇత్తడి చెంబు తీసుకొని బయలుదేరింది.

దారిలో ఒక పాడుబావి. దాని పక్కన తెల్లని ఒంటె నాలుక చాపి పడి ఉంది. బావి అడుగున ఎక్కడో చిన్న తళుకు కనిపించింది. ఎడారివాళ్ళ తలపాగా ఊరికే అంత పొడుగు ఉండదు. అవసరానికి అదే చేంతాడు. సుగ్నా దాన్ని విప్పి చెంబుకు కట్టి వదిలింది. వచ్చింది ఒకే చెంబెడు. సగం తాను తాగి, సగం ఒంటె నోట్లో పోసింది.

"తలపాగా ఉప్పంతా కలిసింది. రుచిగా లేదు పిల్లా," అన్నది ఒంటె.

మాటలు వచ్చిన ఒంటెను చూసి సుగ్నా ఉలిక్కిపడింది. అయినా ఊరుకోలేదు. "రుచులు అడుగుతున్నావా? మా ఊళ్ళో బురద కూడా దొరకడం లేదు!"

ఒంటె పకపకా నవ్వి ఆమెను ఎక్కించుకున్నది. గాలిమైదానం అంచున ఆగి, "నా కాళ్ళు ఇక్కడ నిలవవు. అడుగున బరువు లేనిదాన్నల్లా ఈ సుడిగాలి ఎగరేసుకుపోతుంది. ఇక నువ్వే నడవాలి," అన్నది.

గాలి కొరడాలా కొట్టింది. ముళ్ళపొదలు వేళ్ళతో సహా లేచిపోయాయి. సుగ్నా ఎర్ర లంగా గొడుగులా ఉబ్బింది, నడుము పైకి లేచింది. పాదాలు మాత్రం లేవలేదు. అత్తగారు వద్దన్న ఆ కడియాలు ఆమెను ఇసుకకు అదిమి పట్టాయి. తలమీద కప్పుకున్న ఓఢ్నీ అంచును పళ్ళతో కరిచిపట్టి, ఒక్కో కాలూ పెకలించుకుంటూ ఆమె మైదానం దాటింది.

కోటలో అడుగడుగునా ఉప్పుబొమ్మలే. ఖేతా కనురెప్పల మీద కూడా ఉప్పు మెరుస్తున్నది. బొమ్మల నడుమ పెద్ద గుంట, దాని అడుగున నీళ్ళు. గట్టు మీద దాహాసురుడు కూర్చున్నాడు. దోచుకున్న వెండి కంటెలు, పూసల హారాలు వాడి మెడ నిండా వేలాడుతున్నాయి.

"ఎవతివే? కత్తి ఏదీ?"

"కత్తి తేలేదు. మా ఆయన కోసం వచ్చాను."

"అలాగా! వాడి పక్కనే నిలబెడతాలే. జోడు కుదురుతుంది!"

వాడు ఉఫ్ఫని ఊదాడు. సుగ్నా తలమీది అద్దాల ఓఢ్నీ ఎగిరి వాడి కాళ్ళ దగ్గర పడింది. ఆమె పాదాలు తెల్లబడ్డాయి. ఉప్పు మోకాళ్ళ దాకా పాకింది. వాడు రెండోసారి ఊపిరి తీసుకున్నాడు.

"ఆగు! ముసుగు లేకుండా చావను. ఆ ఓఢ్నీ నా తలమీద కప్పు. ఆ తరువాత నీ ఇష్టం."

"చచ్చేదానికి సింగారమా!" అని వాడు ఇకిలించాడు. ఓఢ్నీని రెండు వేళ్ళతో ఎత్తి ఆమె తలమీద పడేశాడు.

"అంచు ముందుకు లాగు, అన్నా."

వాడి చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"అన్నా అన్నాను. ఈ ఎడారిలో ఆడదాని తలమీద ఎవడు తన చేత్తో ఓఢ్నీ కప్పుతాడో వాడే ఆమెకు అన్న. రాజుకైనా అదే కట్టు, రాక్షసుడికైనా అదే. నువ్వూ ఈ ఇసుకలో పుట్టినవాడివేగా!"

"అయితే ఏం? నిన్ను వదిలినా నీళ్ళు వదలను. చెల్లెలి ముందే తాగుతాను, చూడు!"

"చెల్లెలు మెట్టిన ఊళ్ళో అన్న గుక్కెడు నీళ్ళయినా ముట్టడు. నన్ను ఇచ్చింది మరుగిరికి. ఈ నీళ్ళన్నీ మరుగిరివి."

వాడు గుంటలో నుంచి దోసిలి నిండా ముంచి నోట పోసుకున్నాడు. మరుక్షణం నిప్పులు మింగినట్టు ఉమ్మేశాడు. "కపటం! ఎంత కపటపుదానివే!" అని చెయ్యెత్తాడు. ఒక్క దెబ్బ చాలు, ఉప్పు కాళ్ళు పుటుక్కుమంటాయి. సుగ్నా వాడి కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఎత్తిన చెయ్యి చివరికి మెల్లగా దిగింది.

"ఓఢ్నీ కప్పినవాడు చెల్లెలిని ఉత్తచేతులతో పంపకూడదు," అన్నాడు వాడు, నేల చూస్తూ. "ఈ నగలు తీసుకుని పో."

"నగలు వద్దు. మీ బావను ఇయ్యి. వెంట వచ్చిన వాళ్ళందరినీ ఇయ్యి."

వాడు పీల్చడం మానడంతో గుంటలో నీళ్ళు బుసబుసా పొంగుతున్నాయి. అవి గట్టు దాటి ఖేతా చెప్పును తాకాయి. చెప్పు ముక్కు కరిగి కారిపోయింది.

"అన్నా, త్వరగా! ఉప్పు కరిగిపోతుంది!"

దాహాసురుడు నోరు తెరిచి, తాను ఊదిన ఊపిరినంతా వెనక్కి లాగాడు. సుగ్నా కాళ్ళ మీది ఉప్పు విడిపోయింది. వీరులందరూ దగ్గుతూ మోకాళ్ళ మీద కూలారు. సుగ్నా ఖేతాను నీళ్ళలో నుంచి ఈడ్చుకు వచ్చింది.

"నేను సముద్రం ఒడ్డుకు పోతాను," అన్నాడు రాక్షసుడు. "అక్కడి నీళ్ళ కోసం ఎవరూ ఏడవరు."

మరుగిరి బావులన్నీ నిండాయి. రాజు సుగ్నాను ఏనుగు మీద ఊరేగించి, బావులన్నిటి మీద పెత్తనం ఆమెకే ఇచ్చాడు.

మరుసటి ఎండాకాలం సుగ్నాకు కొడుకు పుట్టాడు. బాలింతకు పుట్టింటివాళ్ళు పసుపుపచ్చ ఓఢ్నీ తేవడం ఆ దేశపు ఆచారం. ఆ వేడుక నాడు గుమ్మంలోకి ఎవరో వంగి వచ్చారు. నిలబడితే తల దూలాన్ని తాకింది. చుట్టాలందరూ గోడలకు అతుక్కుపోయారు. ధాపూబాయి కంగారులో, వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టే చెంబు చాచింది. "దాహం పుచ్చుకో నాయనా!"

అతని పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. చెంబులోకి చూశాడు. చుక్క తొణకకుండా చెంబును గోడవార పెట్టాడు. చంకలోని మూట విప్పి, ఎర్రంచు పసుపు ఓఢ్నీ తీసి, సుగ్నా తలమీద జాగ్రత్తగా కప్పాడు. ఉయ్యాలను వేలి కొసతో ఒకసారి ఊపాడు.

తరువాత గడప దాటి ఎండలోకి వెళ్ళిపోయాడు.