సామాను మనిషి

ఆదివారం ఉదయం ఆ ఇంటి ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. నేలంతా పాత పేపర్లు పరిచి, వాటి మధ్య తండ్రి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు, ఒళ్లో కొలతల టేపు. ఎదురుగా ఉన్న కాగితం మీద చక్రాల పెట్టె బొమ్మ ఒకటి తయారవుతోంది.

ఆయన లిఫ్టు మెకానిక్‌గా చేసి పోయినేడే రిటైరయ్యాడు. కంపెనీ ఇచ్చిన బూడిదరంగు చొక్కాలు మాత్రం ఆయనతో పాటు రిటైరవలేదు. గుడ్డ గట్టిది, జేబులు ఎక్కువ అంటూ ఇంటా బయటా అవే వేస్తాడు. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందరినీ పైకెక్కించి కిందికి దింపిన ఈ మనిషి కాపురముండేది లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. దాని మీద వేసుకోవలసిన జోకులన్నీ ఆ ఇంట్లో ఎప్పుడో అరిగిపోయాయి.

"ఏమండీ, ఇంకా రాని సామానుకి అప్పుడే ఇల్లు కడుతున్నారా?" కుట్టుమిషను దగ్గర్నుంచి తల్లి అడిగింది. ఆమె షాపులకి కర్టెన్లు కుట్టి ఇస్తుంది. "ఆ పేపర్లు తీస్తే కాస్త ఊడ్చుకుంటాను."

"సామానొచ్చాక పెట్టె చేస్తే ఏం లాభం? ముందే ఉండాలి."

కూతురు తల తుడుచుకుంటూ వచ్చి ఆ బొమ్మ చూసింది. ముఖం ముడుచుకుంది. "నాన్నా, ఏది కొనాలో నేనింకా తేల్చుకోనే లేదు."

ఆమె గిటారిస్టు. వారమంతా పిల్లలకి పాఠాలు చెబుతుంది, శనివారాలు ఒక బ్యాండుతో కలిసి హాళ్లలో వాయిస్తుంది. ముప్పై కిలోల పాతకాలపు ఆంప్లిఫయరు ఒకటి ఉండేది. గాజు ట్యూబులు ఎర్రగా వెలిగే ఆ పెట్టె పదిహేను రోజుల క్రితం పాట మధ్యలో పొగ కక్కి ప్రాణం విడిచింది. దాని బదులు ఇప్పుడు డిజిటల్ మోడలర్ కొనాలి. పెద్ద పెద్ద ఆంపుల గొంతులన్నీ అనుకరించే యంత్రం అది. రెండు రకాలున్నాయి. ఫ్లోర్ మోడల్‌ని నేల మీద పెట్టి, దాని మీది మీటలు కాలితో తొక్కుతారు. పనయ్యాక సంచిలో వేసి భుజాన తగిలించుకుని పోవచ్చు. ర్యాక్ మోడల్‌ని అరల పెట్టెలో బిగించి స్టేజీ వెనక పెడతారు. కాలి మీటల పలక విడిగా ఉంటుంది, అక్కడి దాకా వైరు లాగాలి. మోగే మోత రెండింటిదీ ఒకటే. మోసే మోతలోనే తేడా.

"కాలితో తొక్కే చోట ఎవరైనా బుర్ర పెట్టుకుంటారా?" తండ్రి పెన్సిలు తీశాడు. "మా లిఫ్టులే చూడు. బటన్లు జనం నొక్కడానికి లోపలుంటాయి. మెషిను పైన గదిలో ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఒక మనిషుంటాడు."

"ఇది లిఫ్టు కాదు నాన్నా."

"వైరున్నదేదైనా ఒకటేనమ్మా. నేల మీద పెట్టావనుకో, ఎవడో వచ్చి దాని మీద కూల్‌డ్రింకు ఒలకబోస్తాడు. వెనకుంటే ఆ భయం లేదు."

"మరి అంత బరువు మూడంతస్తులూ ఎవరు దింపుతారు?"

"నేను లేనూ?"

ఆ రెండు మాటలూ ఆయన ఎంత హుషారుగా అన్నాడంటే, కూతురు చటుక్కున చూపు తిప్పేసుకుంది. తనకి ఫ్లోర్ మోడలే కావాలి. తేలిగ్గా ఉంటుందని అందరికీ చెబుతోంది. దాన్ని మోయడానికి నాన్న రానక్కర్లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.

ఎనిమిది నెలల క్రితం ఈ బ్యాండుతో ఆమె మొదటి ప్రోగ్రాం. మిగతా వాళ్ల అమ్మానాన్నలు ఇస్త్రీ బట్టల్లో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తండ్రి బూడిదరంగు చొక్కాతో, చెమటతో, ఆంపు ఎత్తుకుని వెనక మెట్ల మీంచి వచ్చాడు. "ఆయనెవరు?" అని పాడే అమ్మాయి అడిగింది. "సామాను మోసే మనిషి," అని ఈమె నోటి నుంచి వచ్చేసింది. నోరు జారిందని తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. జారిన నోటిని ఆ నిమిషంలోనే సర్దుకోవచ్చు. ఆమె సర్దుకోలేదు.

మరుసటి వారం నుంచి ఓ విచిత్రం మొదలైంది. బయటి వాళ్లుంటే చాలు, తండ్రి ఆమెని "మేడం" అని పిలుస్తున్నాడు. "మేడం, వైరు ఇటు పెట్టమంటారా?" సరదాకి ఆటపట్టిస్తున్నాడులే అనుకుంది. అలా అనుకుంటే సుఖంగా ఉండేది, అందుకే ఎందుకని ఎన్నడూ అడగలేదు.

పదకొండింటికి తండ్రీ కూతుళ్లిద్దరూ మ్యూజిక్ షాపుకి వెళ్లారు. షాపతను ఆమెకి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. తండ్రిని ఎగాదిగా చూసి, "ఏమయ్యా, నీళ్లు కావాలంటే బయట ఉన్నాయి, తాగు," అన్నాడు. తండ్రి తలూపి గోడవారగా నిలబడ్డాడు. టీ గ్లాసు ఒక్కటే వచ్చింది. ఆమె చేతిలో అది చల్లారిపోయింది.

ఆమె ఫ్లోర్ మోడల్ తొక్కి చూసింది, తర్వాత ర్యాక్ మోడల్‌కి తగిలించి వాయించింది. కళ్లు మూసుకుంటే ఏది ఏదో తెలియడం లేదు. తండ్రి ఉండబట్టలేక ఒకడుగు ముందుకొచ్చాడు.

"మేడం, ర్యాకయితే గాలి బాగా ఆడుతుంది. వేడెక్కదు. పెట్టె కూడా నేనే…"

షాపతను పకపకా నవ్వాడు. "చూశారా మేడం? మోసేవాళ్లకి ఎప్పుడూ బరువైనదే నచ్చుతుంది. తేలికది కొంటే వాళ్ల పని పోదూ?"

ఆమె నవ్వింది. నవ్వాలని నవ్వలేదు, కానీ నవ్వింది. తండ్రీ నవ్వాడు, ఇంకెవరి గురించో జోకు విన్నట్టు. "రేపొచ్చి చెబుతా," అని ఆమె గబగబా షాపు బయట పడింది.

ఇంట్లోకి రాగానే ఆమె చెప్పులు ఒక మూలకి విసిరింది. సిగ్గు పడ్డ మనిషికి ముందు వచ్చేది కోపమే.

"అక్కడ నిన్నెవరు మాట్లాడమన్నారు? గాలాడుతుందట, వేడెక్కదట! నీకేం తెలుసు వీటి గురించి? నా పరువు తీయడానికి వచ్చావా?"

తండ్రి గుమ్మంలో ఆగిపోయాడు. "తప్పేనమ్మా. ఫ్లోరే తీసుకో. నువ్వొక్కదానివే మోసుకోవచ్చు." కింద పరిచిన పేపర్లన్నీ ఒక్కొక్కటే మడిచాడు. చక్రాల పెట్టె బొమ్మని కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఏమే, అయిందా? ఇంకేమైనా ఉన్నాయా అనాల్సినవి?"

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు. అక్కడ ఏం జరిగిందో నీకు తెలీదు."

"ఇవాళ్టిది తెలీదు. మొదటి రోజుది తెలుసు." తల్లి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఆయన తెర వెనక వైరు చుడుతున్నారట. నువ్వన్న మాట విన్నారు."

కూతురు గభాలున తల్లి వైపు తిరిగింది. "విన్నాడా? నీతో చెప్పాడా?"

"బాధపడుతూ చెప్పుంటే బాగుండేది. ఇంటికొచ్చి నన్ను సలహా అడిగారు. 'అమ్మా అని పిలిస్తే వాళ్లకి అనుమానం వస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పనివాడికి అంత చనువేంటంటారు. మేడం అంటే సరిపోతుందంటావా?' అని. రెండు రోజులు పొద్దున్నే అద్దం ముందు నిలబడి మేడం, మేడం అని అలవాటు చేసుకున్నారు. నువ్వు అబద్ధమాడినట్టు బయటపడితే నీకు తలవంపులట. ఆయనకి కాదు, నీకు!"

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నీ అంతట నీకే తెలుస్తుందని చూశాను. ఎనిమిది నెలలు చూశానే."

ఎనిమిది నెలల శనివారాలన్నీ ఒక్కసారిగా కూతురి చెవుల్లో మోగాయి. మేడం, జాగ్రత్త, మెట్టుంది. మేడం, మంచినీళ్లు. ప్రతిసారీ తను తలెత్తకుండా తలూపింది.

బాల్కనీలో తండ్రి చచ్చిపోయిన ఆంపు వెనక జాలీ పలక విప్పి, గుడ్డతో ట్యూబులు తుడుస్తున్నాడు. ఇక పలకని వాటిని ఎందుకు తుడుస్తున్నాడో ఆయనకే తెలియాలి. ఆమె వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, నీకు ర్యాకే ఎందుకు కావాలి? గాలి సంగతి వద్దు. నిజం చెప్పు."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "వాడన్నది నిజమేనమ్మా. పని పోతుందని. తేలికది కొంటే నువ్వొక్కదానివే పోతావు. నేనిక ఏం పనిమీద అక్కడికి రాను? అదే ర్యాకైతే వెనక నిలబడైనా వినొచ్చు కదా."

"వెనక నీకేం వినిపిస్తుంది?"

"ఎందుకు వినిపించదు?" ఆయన ముఖం వెలిగింది. "ఈ పెట్టెకి ఇటుపక్కే నిలబడతాగా. నువ్వు గట్టిగా వాయించినప్పుడు ఈ రెండు ట్యూబులూ ఎక్కువ ఎర్రబడతాయి. మూడో పాటలో ఒక చోట ఆగుతావు చూడు, అప్పుడు కాస్త చల్లబడతాయి. నువ్వు కనపడవు కానీ, ఇవి చూస్తే చాలు, ఎక్కడున్నావో తెలిసిపోతుంది."

కూతురు వాయిస్తుంటే ఆమె ముఖం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నేను నిన్ను ఎంత మాటన్నాను నాన్నా. ఎవరో అడిగితే నాన్నని చెప్పలేకపోయాను. ఆ చొక్కా చూసి సిగ్గుపడ్డాను. ఆ చొక్కాతోనే కదా నాకు మొదటి గిటారు కొనిపెట్టావు!"

"ఊరుకో తల్లీ. చిన్నపిల్లవి, బెరుకులో అన్నావు."

"ఇరవై ఆరేళ్లు నాకు. చిన్నపిల్లనని నన్ను వెనకేసుకురాకు. కనీసం ఒక్కసారి తిట్టు."

ఆయన ఆలోచించాడు. తిట్టు ఒక్కటీ దొరకలేదు. "టీ తాగుదామా?" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మళ్లీ షాపుకి వెళ్లారు. ఆమె ఫ్లోర్ మోడలే ఇమ్మంది. తండ్రి పెదవి కొంచెం బిగించాడు. షాపతను అట్టపెట్టె కౌంటరు మీద పెట్టి, "ఏమయ్యా, ఎత్తుకో," అన్నాడు.

"ఆయన మా నాన్న," అంది ఆమె.

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. షాపులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. "నిన్న మీరు జోకేసినప్పుడే చెప్పాల్సింది. చెప్పకపోగా నవ్వాను. మీకు తెలీదు, మీ తప్పు లేదు. నాకు తెలుసు."

షాపతను నాలుక కరుచుకున్నాడు. హడావిడిగా కుర్చీ లాగి, "అయ్యయ్యో, కూర్చోండి సార్, ఏమనుకోకండి," అని టీ కోసం కేకేశాడు. తండ్రికి కంగారు పుట్టింది. ఆమె వైపు తిరిగి, "ఎందుకివన్నీ, పర్లేదు మేడం," అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది. ఎనిమిది నెలల అలవాటు, పిలవకుండానే వచ్చి నాలుక మీద కూర్చుంది. ఆమెకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కళ్లనిండా నీళ్లతోనే ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "కూర్చో నాన్నా," అంది. ఈసారి టీ గ్లాసులు రెండొచ్చాయి.

బయటికొచ్చాక పెట్టె ఆమే మోసింది. నాలుగడుగులు వేశాక ఆగి చెప్పింది.

"ఈ ఫ్లోర్‌దైనా ఆ ర్యాక్‌దైనా ఒకటే నాన్నా, వీటికి సొంత స్పీకరుండదు. చప్పుడంతా వైరులో హాలు స్పీకర్లకే పోతుంది. స్టేజీ వెనక నిలబడితే నా గిటారు నీకు వినిపించదు. వినాలంటే ముందుకొచ్చి కూర్చోవాల్సిందే."

"అలాగా!" ఆయన నమ్మలేనట్టు చూశాడు. "మరి వేడెక్కితే ఎవరు చూస్తారు?"

"వేడెక్కదు. నువ్వు నన్ను చూడు."

శనివారం ఆయన ముందు వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకోమని భార్య పోరితే, అదే వేసుకోమని కూతురు బూడిదరంగు చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ప్రోగ్రాం మొదలవకముందే బ్యాండు వాళ్లందరికీ ఆయన్ని చూపించి, తను ఎనిమిది నెలలుగా ఆడిన అబద్ధం చెప్పింది. పాడే అమ్మాయి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే ఆమె కోరుకుంది.

మూడో పాటలో, ఆగాల్సిన చోట ఆగి తలెత్తింది. తండ్రికి మరోపక్క కూర్చున్న పెద్దాయన వంగి ఏదో అడుగుతున్నాడు. తండ్రి వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆమె వైపు చూశాడు, చెప్పొచ్చా అని అడిగినట్టు.

ఆమె వేళ్లు తీగల మీదే ఉంచి, ఆయనకి కనపడేలా తలూపింది. అప్పుడు ఆయన ఆ పెద్దాయనకి చెప్పాడు. ఏం చెప్పాడో ఆమెకి వినపడలేదు, పెదాల మీద కనపడింది. మా అమ్మాయి.

మళ్లీ అందుకోవడంలో ఆమె అరక్షణం ఆలస్యమైంది. హాల్లో ఎవరూ కనిపెట్టలేదు.

తండ్రి కనిపెట్టాడు. ఇంటి మెట్లెక్కుతూ మొదటి అంతస్తులోనే అడిగేశాడు. "మూడో పాటలో కాస్త ఆలస్యమయ్యావేం, అమ్మా?"